తడి గీత

మా నాయిన బండ గొట్టే ముందు
ముంతెడు నీళ్లు చల్లి
బీడీ ముట్టిచ్చుకొని కూసునేటోడు.
బండంతా ఆరిపోయినంక కూడా
ఒక్క గీత తడిగనే ఉంటది.
"అగో, గక్కడున్నది పగులు."
నాకప్పుడు తొమ్మిదేండ్లు.
బండకు నొప్పి లేకున్నా
నీళ్లు చెప్తయని గట్ల తెలిసింది.

ఫుజైరా కొండలల్ల నల్లరాయి.
ఆరేండ్లు క్రషర్ కాడ, దుమ్ముల.
జారింది గడియసేపు గూడ గాదు,
ఇంకా కిందికి చేరనట్టే ఉంటది ఒక్కోపారి.
ఇప్పుడు రొమ్ముల దాక నేను.
ఆ కింద ఉన్నోడు సుట్టపోడు,
ఉలకడు, పలకడు,
వానికి ఏమైనా ఇంకెవలో వచ్చి చెప్పాలె.

మంచం పక్కపొంటి సంచి యాలాడుతది.
లిస్సీ సిస్టర్ వంగి గీతలు లెక్కబెట్టి రాసుకుంటది:
ఆరు వందలు. ఏడు వందల యాభై.
నా కూలి రాసే మేస్త్రి గూడ
ఇంత ఇమానంగ రాయలే.

నెలకొక్కపారి మార్చే పైపు
పదిరోజులకే మూసుకపాయె.
మళ్ల మార్చిండ్రు, మళ్ల తొమ్మిదికే.
గుంజి తీస్తే కొసకు
తెల్లగ, గుడ్డు పెంకు లెక్క.
సంచి అడుగున ఇసుక.
వాసన ఎట్లుండెనంటే
పక్క మంచం శ్రీలంక పెయింటరు
ఏమనలే గని
మొఖం కిటికీ దిక్కు తిప్పుకున్నడు.

ఆ రాత్రి
ఏసీ సలికి కంబళి కప్పుకున్నోన్ని
నుదురంతా చెమట.
మెడ మీద రోమాలు లేచినయి.
తలకాయల సమ్మెట.
చచ్చుబడ్డ కాళ్లు వాటంతట అవే తన్నుకుంటున్నయి.
కిందున్న నొప్పికి తొవ్వ దొరకక
నెత్తి మీదికెక్కింది కావచ్చు.
బీపీ చూసి సిస్టర్ ఉరికింది.
ముందు నన్ను కూసోబెట్టి
పైపు మడత సదిరింది, కడిగింది.
అప్పుడు దిగింది సమ్మెట.

పొద్దుగాల ఎక్స్‌రే తీసిండ్రు.
"ఏం లేదు" అన్నడు చిన్న డాక్టరు.
ఫిల్ముల నా బొక్కలు, పేగులల్ల గాలి,
ఎన్నుల రెండు కమ్మీలు, ఎనిమిది బోల్టులు.
లిస్సీ సిస్టర్ ఒప్పుకోలే.
"ఇసుక ఊరికే వస్తదా సార్?"
మలయాళం కలిసిన ఇంగ్లీషుల అడిగింది,
నాకు గదొక్క మాట సక్కగ సమజైంది,
మా నాయిన అడిగినట్టే అడిగింది.

కడుపు మీద సల్లటి జిగురు,
సల్లగుందని సిస్టర్ చెప్తే తెలిసింది.
తెర మీద నల్లటి చెరువు,
అందుల ఒక తెల్ల చుక్క.
నన్ను పక్కకు ఒరగబెట్టిండ్రు,
చుక్క గూడ దొర్లింది.
దాని ఎన్క సన్నటి నీడ.
ఎండ సొరని కాడ
రాయికి నీడెట్ల పడ్డదో!
నేను నవ్విన.
ఇరవై రెండేండ్లు రాయి కొట్టినోన్ని,
కడుపుల ఉన్న రాయి పట్టలేకపోతి.

లోపలికి దీపం, సన్న గొట్టం పంపి
అక్కడనే పొడి చేసిండ్రు.
"క్రషర్ పెట్టిండ్రా సారూ, ట్రిప్పుకెంత?"
ఈజిప్టు డాక్టరుకు ఎవలో హిందీల, అరబ్బీల చెప్పిండ్రు,
నవ్వు ఆయనకు చేరేటాలకు నాది అయిపోయింది.
సీసల ముక్కలు చూపిచ్చిండు.
గోరుతోని గీకి చూసిన:
సున్నపు రాయి. నాసి రకం.
గోడకు గూడ పనికిరాదు.
"మళ్ల రావచ్చు, కనిపెట్టుకుంట ఉండాలె" అన్నడు.
గది నాకు కొత్త ముచ్చట గాదు,
రాళ్లున్న భూమిల దున్నినకొద్ది లేస్తయి.

నిన్న నాలుగో మంచానికి కొత్త పిల్లగాడు వచ్చిండు.
రుబెల్, సిల్హెట్, ఇరవై ఒకటి.
పరంజి మీదికెంచి పడి ఆరు దినాలు.
బొటనవేలు దిక్కు సూసుకుంట
కదులు, కదులు అంటున్నడు వాని భాషల.
నాకేం చెప్పబుద్ధి గాలే.
సంచి తీసేటందుకు వచ్చిన నేపాలీ పోరనితోని
జర ఎలుతురుకు పట్టు తమ్మీ అన్న.

పట్టిండు.
కిటికీల ఎండ దాంట్ల నుంచి దిగి
తెల్ల దుప్పటి మీద పచ్చగ ఆగింది.
మడ్డి లేదు. ఇసుక లేదు.
ఇయ్యాల్టికి తేటగనే ఉన్నది.